ఈ అంకెకీ ఆ అంకెకీ మధ్య ఎక్కడో

నూకూఅలోఫా,
సోమవారం.

పూజ్యులైన లోసలినే అత్తయ్యకి,

మీ మేనల్లుడు కిటియోనే తల వంచి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ రాజధానిలో నాకు ఏ లోటూ లేదు. మీరూ నాన్నా కులాసాగా ఉన్నారని ఓడ మీద వచ్చినవాళ్ళు చెప్పారు. నాన్నకి రక్తపోటు ఇంకా దిగలేదని కూడా వాళ్ళే చెప్పారు. ఉప్పు ముట్టుకోవద్దని డాక్టరు అంటే, "నేను ముట్టుకోవడం లేదు డాక్టరుగారూ, మా ఊరి బావి పోస్తోంది" అన్నాడట. నవ్వొచ్చింది గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎండాకాలంలో మన బావి నీళ్ళ రుచి నాకు తెలియనిదా.

ఫోను చేసేవాణ్ణే. కాని ఊరి ఫోను కొట్టులో ఉంది. క్రితంసారి నేను మిమ్మల్ని ఒక మాట అడిగితే, కొట్టు అరుగు మీద కూర్చున్నవాళ్ళు మీకన్నా ముందే జవాబు చెప్పారు.

సంగతి ఏమిటంటే, మా నీళ్ళ ఆఫీసుకి ఈ ఏడు ఒకే ఒక్క పెద్ద ట్యాంకు వస్తోంది. చర్చి కప్పు మీద పడే వాననంతా పట్టుకోగలిగినంత పెద్దది. అది ఉంటే నాన్న ఎండాకాలమంతా వాననీళ్ళే తాగవచ్చు. దాన్ని మన ఫంగలోతో ఊరు అడిగింది, ఎదుటి దీవిలో తెఫువా కూడా అడిగింది. ఎవరికివ్వాలో మా పైఅధికారి మోతులికి గారు ఎండలు ముదిరేలోపు తేలుస్తారు. ఆయనకి లెక్క రాసి ఇవ్వవలసింది నేను. సొంత ఊరని మొగ్గు చూపానన్న మాట రాకూడదు. అందుకని నేను నోరు మూసుకుని అంకెల చేతే మాట్లాడించాలి.

వాన లెక్క నాకు తెలుసు. మన నేల కింద మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద పలచగా తేలుతుంటాయనీ, ఎక్కువ తోడితే ఉప్పు పైకి వస్తుందనీ తెలుసు. తెలియనిదల్లా మనుషుల లెక్క. ఒక్కో ఇల్లు ఎన్ని నీళ్ళు వాడుతుందో కచ్చితంగా చెప్పలేం. కింద ఒక అంకె వేసి, పైన ఒక అంకె వేసి, 'ఈ అంకెకీ ఆ అంకెకీ మధ్య ఎక్కడో' అని రాస్తాం. ఆ రెండిటికీ ఎడం ఎంత తగ్గితే మోతులికి గారికి మా మీద అంత నమ్మకం.

అందుకే రెండు ఊళ్ళలోనూ బావి నుంచి వచ్చే కొళాయిలన్నిటికీ మీటర్లు బిగించారు. మావాళ్ళు మొదటి నెల చూసి రాసిన పట్టీ దీనితో పంపుతున్నాను. అందరికీ తెలియజేయండి. ఇకమీదట ఏ రోజు వాడకం ఆ రోజు మీరే చూసి రాసి నెలనెలా పంపాలి. మీ మాట ఊళ్ళో ఎవరూ తీసెయ్యరు. మేనత్త మాట తీసేసే ధైర్యం నాకూ లేదు, నాన్నకి అసలే లేదు.

మీ ఆశీస్సులు కోరే
కిటియోనే

తా.క. మీటరు నీళ్ళు తాగదు. కొట్టు దగ్గర అలా చెప్పుకుంటున్నారని విన్నాను.


ఫంగలోతో,
ఓడ వచ్చే ముందురోజు.

నా తమ్ముడి బిడ్డ కిటియోనేకి,

దేవుని కృప నిన్ను విడవకుండా ఉండాలని పొద్దున్నా సాయంత్రం అడుగుతున్న నీ అత్త లోసలినే రాసేది. మేమంతా బాగున్నాము. నువ్వు పంపిన పట్టీ చేరింది.

అందరికీ తెలియజేయమన్నావు. ఈ ఊళ్ళో అందరికీ ఒకేసారి తెలిసే చోటు ఒక్కటే కదా. పట్టీ పాస్టరుగారికి ఇచ్చాను. ఆదివారం ఆరాధన అయ్యాక, ఏటేటా మిసినాలే కానుకల పండగ నాడు ఇంటింటి కానుకా ఎలా చదువుతారో అలాగే చదివారు. తక్కువ నుంచి మొదలుపెట్టి ఎక్కువ దాకా. ఇంటి యజమాని పేరు చెప్పడం, ఆగడం, అప్పుడు అంకె. పాస్టరుగారి గొంతు నీకు తెలుసు. ఆయన చదివితే కొళాయి నీళ్ళకి కూడా ఒక ఘనత వస్తుంది. ఒక్కో అంకెకీ చప్పట్లు పెరుగుతూ వచ్చాయి.

చెప్పడానికి మనసొప్పడం లేదు గానీ, మొట్టమొదట వినిపించింది మీ నాన్న పేరే. ఊరందరిలోకీ తక్కువ. భార్య పోయినవాడు, ఒక్కడే ఉంటాడు. చర్చి తొట్టిలో వాననీళ్ళు ఉన్నన్నాళ్ళూ డబ్బాతో అవే పట్టుకెళతాడు, ఇక కొళాయితో పనేముంది? కాని అవన్నీ పట్టీలో లేవు. సతేకి అనే మీ నాన్న పేరూ, ఆ చిన్న అంకే వినిపించాయి. చప్పట్లు సగంలో ఆగిపోయాయి. తల వంచుకుని కూర్చున్నాడు. మన ఆచారంలో తమ్ముడు సిగ్గుపడుతుంటే అక్క చూడకూడదు కాబట్టి నేను పాటల పుస్తకంలోకి చూశాను. చివరికి లేచి, "వచ్చే నెల నా పేరు ఆఖర్న వినిపిస్తుంది పాస్టరుగారూ" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు.

మాట మీద నిలబడుతున్నాడు. పెండలం పాదులకి రెండుపూటలా నీళ్ళు పెడుతున్నాడు. పందులకి స్నానం చేయిస్తున్నాడు. అవి మొదట్లో బెదిరాయి. ఇప్పుడు వేళ తెలుసుకుని వచ్చి కొళాయి దగ్గర నిలబడుతున్నాయి. మిగిలిన ఇళ్ళవాళ్ళూ ఊరుకోలేదు. ఊరంతా ఎంత శుభ్రంగా ఉందో నువ్వు చూడవలసింది. రెండో నెల పట్టీ దీనితో పంపుతున్నాను.

దేవుడు నీకు తోడుగా ఉండునుగాక.
మీ అత్త లోసలినే

తా.క. మా ఇల్లు పైనుంచి మూడోది వచ్చింది. నేను గర్వపడలేదు. గర్వం రాకూడదని ప్రార్థన కూడా చేసుకున్నాను. దుప్పట్లు మాత్రం ఉతికినవే మళ్ళీ ఉతుకుతున్నాను.

తా.క. ఆ మీటరు ఆదివారం కూడా పని చేస్తోందని తెలిసి బాధపడ్డాను. శనివారమే బిందెలన్నీ నింపేసుకుని, ఆదివారం దాని మీద గుడ్డ కప్పుతున్నాం.

తా.క. 'ఈ అంకెకీ ఆ అంకెకీ మధ్య ఎక్కడో' అన్నావు. చిన్నప్పుడు మీ నాన్న బడి వదిలాక ఎక్కడున్నాడని అడిగితే మా అమ్మ అలాగే చెప్పేది, బడికీ ఇంటికీ మధ్య ఎక్కడో అని.


నూకూఅలోఫా,
ఓడ వచ్చిన రోజే.

పూజ్యులైన అత్తయ్యకి,

కిటియోనే నమస్కారాలు. మీ ఉత్తరమూ, రెండో నెల పట్టీ అందాయి. కుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టి, నిలబడి ముగించాను.

అత్తయ్యా, అది కానుక కాదు. ఎక్కువ వాడితే గొప్ప కాదు. ఊరి వాడకం మొదటి నెలకి రెట్టింపయింది. మోతులికి గారు పట్టీ చూసి, "మీ ఊళ్ళో ఈ నెల పుట్టినవాళ్ళెందరు?" అని అడిగారు. నేను పందుల సంగతి చెప్పలేదు. ఇంతలేసి తోడితే బావి ముందే ఉప్పెక్కుతుంది. అది మళ్ళీ నాన్న గొంతులోకే వెళుతుంది.

నా పట్టీ వల్ల నాన్న అందరిలో తలవంచుకోవలసి వచ్చిందంటే నాకు అన్నం సయించలేదు. నిజానికి ఆ నెల ఊళ్ళో అందరికన్నా బాగా చేసింది ఆయనే. తక్కువ వాడినవాళ్ళే గొప్పవాళ్ళని దయచేసి పాస్టరుగారి చేత చెప్పించండి.

మీ విధేయుడు
కిటియోనే

తా.క. ఆదివారం ఎవరూ నీళ్ళు తాగరనీ, శనివారం ఊరు ఊరంతా చేపల్లా తాగుతుందనీ ఇక్కడ నిపుణులు ఒక కొత్త సిద్ధాంతం తయారుచేస్తున్నారు. గుడ్డ తీసేయండి.


ఫంగలోతో,
శుక్రవారం.

చిరంజీవి కిటియోనేకి,

మన ప్రభువు పేరిట నీ అత్త దీవెనలు. నువ్వు చెప్పినట్టే చేశాం.

పాస్టరుగారు లేచి, "క్రితంసారి తల్లకిందులుగా చదివాం, తక్కువే గొప్ప" అన్నారు. దానికీ చప్పట్లు కొట్టారు. మీ నాన్న తన మొదటి నెల అంకెనే ఈ నెలకి వేసుకోమని అడిగాడు. పాస్టరుగారు ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఊళ్ళో ఒకళ్ళ మీద ఒకళ్ళకి ప్రేమ ఎంతగా పెరిగిందో చెప్పలేను. ఇంటికొచ్చిన మనిషికి నీళ్ళు లేవనడం మన ఇళ్ళల్లో లేదు కదా. ఆ నీళ్ళు ఎవరి మీటరులో పడతాయి? ఇంటివాళ్ళ మీటరులో. ఈ కిటుకు ముందు కనిపెట్టింది పక్కింటి కలోలైనే. పొద్దున్నే భుజాన తువ్వాలు వేసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. "ఊరికే, చూసిపోదామని వచ్చాం వదినా" అంది. చూసి, స్నానాలు చేసి, ఒక బిందె కూడా నింపుకుని వెళ్ళింది. మర్నాడు నేను కూడా వాళ్ళింటికి ఊరికే చూసిపోదామని వెళ్ళాను. ఇంటికి తాళం వేసి ఉంది. ఆవిడ ఇంకో ఇంటికి వెళ్ళింది.

ఒక సాయంత్రం ఊరంతా దారి మీదే ఉన్నాం. ఒకళ్ళింటికి ఒకళ్ళం బయల్దేరి మధ్యలో ఎదురుపడ్డాం. అందరి చేతుల్లోనూ ఖాళీ బిందెలే. మా ఇంటికి రండి అని ఎవరూ అనలేదు. వెనక్కి తిరగడానికి మొహమాటం. చివరికి అక్కడే కూర్చుని పాటలు పాడుకుని ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళాం. చాలా రోజులకి పాటలో నాలుగు రకాల గొంతులూ బాగా కలిశాయి.

ఇదిలా ఉండగా మీ నాన్న మంచి ఉపాయం చేశాడు. తెఫువాలో మా అమ్మ వైపు చుట్టాలు ఉన్నారు కదా. వాళ్ళ బావి ఎంతటి ఎండకీ ఉప్పెక్కదు. రోజూ తన పడవలో ఎవరినో ఒకరిని వేసుకుని, మాసిన బట్టలూ ఖాళీ డబ్బాలూ సర్దుకుని, చుట్టపుచూపుగా వెళ్ళివస్తున్నాడు. ఒక్కోరోజు రెండుసార్లు కూడా. వాళ్ళు ఎంత మంచివాళ్ళో. ఒక్కమాట అనలేదు. ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా అని మాత్రం అడిగారట.

ఈ నెల మీ నాన్న అంకె సున్నా. పట్టీ చదివినప్పుడు చప్పట్లకి చర్చి కప్పు లేచిపోయింది. నేను మళ్ళీ పాటల పుస్తకంలోకే చూశాను గానీ, ఈసారి నవ్వు దాచుకోవడానికి.

సర్వదా నీ మేలు కోరే
అత్త లోసలినే

తా.క. పందులు ఇంకా స్నానం వేళకి వచ్చి కొళాయి దగ్గర నిలబడి అరుస్తున్నాయి. తక్కువే గొప్ప అని వాటికి ఎవరూ చెప్పలేదు.


నూకూఅలోఫా,
మంగళవారం.

పూజ్యులైన అత్తయ్యకి,

నమస్కారాలు. ఇక్కడ నా పరిస్థితి అంత కులాసాగా లేదు.

మూడో నెల పట్టీ మోతులికి గారి బల్ల మీద పెట్టాను. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఊరు ఖాళీ చేశారా?" అన్నారు. లేదండీ, ఉన్నారు అన్నాను. "ఉంటే మీటర్లయినా పాడై ఉండాలి, లేకపోతే వీళ్ళకి నీళ్ళతో పనే లేదనుకోవాలి. నీళ్ళతో పని లేనివాళ్ళకి ట్యాంకెందుకు?" అన్నారు. నేను కింద వేసిన అంకెకీ పైన వేసిన అంకెకీ మధ్య ఇప్పుడు ఒక సముద్రం పడుతుంది. తెఫువావాళ్ళ అంకెలు చూస్తే నెమ్మదిగా, పద్ధతిగా పెరుగుతున్నాయి. అక్కడ ఎండ ఎక్కువేమో తెలియదు. మోతులికి గారికి ఆ ఊరంటే గౌరవం పుట్టింది.

ఆయనే స్వయంగా మన ఊరు చూడ్డానికి వస్తున్నారు. వచ్చే వారం ఓడలో దిగుతారు. ఇదే ఆఖరి అవకాశం. పట్టీలు పైకి చదవడం ఆపించండి. ఎవరూ ఎక్కువ వాడవద్దు, తక్కువా వాడవద్దు. మామూలుగా వాడమనండి. ఆయన కోసం ప్రత్యేకంగా ఏమీ చేయవద్దు. విందు వద్దు. మీరు రోజూ ఎలా ఉంటారో ఆయనకి కనబడాలి, అంతే.

మీ
కిటియోనే

తా.క. అత్తయ్యా, మామూలుగా అంటే మామూలుగా.


ఫంగలోతో,
మోతులికి గారు ఓడ ఎక్కిన సాయంత్రం.

చిరంజీవి కిటియోనేకి,

దేవుని శాంతి నీ ఇంట ఉండాలి. మీ అధికారి వచ్చి వెళ్ళారు. అన్నీ సవ్యంగా జరిగాయి.

ముందు మామూలు అంటే ఏమిటో తేల్చడానికి చర్చి హాల్లో అందరం కూర్చున్నాం. "మా ఇంట్లో మామూలు రోజన్నది నా పెళ్ళైన దగ్గర్నుంచీ లేదు" అంది కలోలైనే. వాళ్ళాయన, "నేను ఇక్కడే ఉన్నాను" అన్నాడు. వానలప్పటి మామూలా ఎండలప్పటి మామూలా అని ఇంకొకరు అడిగారు. మీ నాన్న వెనక వరసలోంచి, "ఆఫీసువాళ్ళు చూస్తున్నప్పటి మామూలా, చూడనప్పటి మామూలా?" అన్నాడు.

"దేవుడు ఎప్పుడూ చూస్తూనే ఉంటాడు సతేకీ" అన్నారు పాస్టరుగారు.

"చూస్తాడండీ. చూసి రాసుకుని నూకూఅలోఫాకి పంపడు కదా."

చివరికి పాస్టరుగారి ఇంటి వాడకమే మామూలు అని తీర్మానించాం. ఆయనకన్నా పైన ఉండడం మర్యాద కాదు, మరీ కింద ఉంటే నిష్ఠూరం. కాబట్టి రోజూ సాయంత్రం ఆయన మీటరు చూసి రావడం, తక్కువ పడితే చెట్లకి పోసి సరిచెయ్యడం, ఎక్కువైతే మర్నాడు నోరు కట్టుకోవడం. ఈ పట్టీ చూడు, ఇల్లిల్లూ ఒకే అంకె. ఎడం తగ్గాలన్నావు కదా. అసలు లేకుండా చేశాం.

మోతులికి గారు ఓడ దిగేటప్పటికి పాపం మొహం పచ్చబడి ఉంది. సముద్రం పడదట. విందు వద్దన్నావు కాబట్టి విందు చెయ్యలేదు. కొంచెం వండాం. పంది, చేపలు, చేమ ఆకుల్లో కొబ్బరిపాలు పోసి మూటకట్టి కాల్చిన మాంసం, పెండలం, పుచ్చకాయలు. పంది మీ నాన్నది. స్నానాలకి అలవాటు పడినది కాబట్టి చూడ్డానికి చాలా బాగుంది.

భోజనాలయ్యాక అందరినీ ప్రశ్నలు అడిగారు. కలోలైనే మొగుణ్ణి, "నీళ్ళకి బాగా ఇబ్బందా?" అన్నారు.

"బాగా ఇబ్బందేనండీ."

"మరీ అంత ఉండదేమో?"

"ఉండదండీ."

"ఏదో ఒకటి చెప్పవయ్యా."

"మీరు ఏది అంటే అదేనండీ" అన్నాడు. దూరం నుంచి వచ్చిన పెద్దమనిషి మాటకి ఎదురు ఎలా చెబుతాడు?

నన్ను అడిగారు, వాన రాకపోతే ఏం చేస్తారమ్మా అని. ప్రార్థన చేస్తాం అన్నాను. చేసినా రాకపోతే అన్నారు. ఇంకా చేస్తాం అన్నాను. అప్పటికీ రాకపోతే అన్నారు. "అన్నాళ్ళు రాకుండా ఎప్పుడూ లేదండీ, ఆలస్యమవుతుంది, అంతే" అన్నాను. ఆయన పుస్తకం మూసేశారు.

తరవాత టీ అడిగారు. చెట్లకి పోసి పోసి బావి అప్పటికే ఉప్పెక్కింది. ఉప్పు టీ అతిథికి ఎలా ఇస్తాం? చర్చి తొట్టి అడుగున మిగిలిన వాననీళ్ళు పాస్టరుగారు ఒక డబ్బాకి ఎత్తి, మీ నాన్న ఒంటికి పనికొస్తాయని ఇచ్చి ఉన్నారు. నేను ఎవరినీ అడగలేదు. చూస్తే డబ్బా నా గుమ్మం బయట ఉంది. మీ నాన్నే. అక్క ఇంట్లోకి తమ్ముడు రాకూడదు కదా, పెట్టేసి వెళ్ళిపోయాడు.

మోతులికి గారు ఒక కప్పు తాగి, ఇంకోటి అడిగి, ఆపైన మూడోది కూడా తాగారు. "ఈ హాపై దీవుల్లో ఇంత తియ్యటి నీళ్ళు ఇంకెక్కడా లేవమ్మా" అన్నారు. మాకందరికీ ఎంత సంతోషమైందో. ఇక ట్యాంకు మనకే అనిపిస్తోంది.

ఆశీస్సులతో
అత్త లోసలినే

తా.క. ఆ డబ్బా ఖాళీ అయింది. మీ నాన్న బాగానే ఉన్నాడు. ఈ పూట టీ తాగి మొహం అదోలా పెట్టాడని పాస్టరుగారు చెప్పారు.


నూకూఅలోఫా,
గురువారం.

పూజ్యులైన అత్తయ్యకి,

కిటియోనే నమస్కారాలు. ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

ట్యాంకు తెఫువాకి ఇచ్చేశారు.

ఇల్లిల్లూ ఒకే అంకె ఉన్న పట్టీ చూసి, నేనే ఈ బల్ల దగ్గర కూర్చుని రాసుకున్నానని అనుకున్నారు మోతులికి గారు. దాని మీద నన్ను సంజాయిషీ అడిగారు. అదంత పెద్ద విషయం కాదు. కాని ఆయన రాసిన మాట ఇంకోటి ఉంది. 'ఫంగలోతో బావి నీళ్ళు స్వయంగా రుచి చూశాను, అమృతంలా ఉన్నాయి. తెఫువావాళ్ళ అవసరం మాత్రం నెలనెలా పెరుగుతోంది' అని రాశారు. ట్యాంకు వచ్చే వారం బల్లకట్టు మీద తెఫువా వెళుతుంది.

తప్పు నాదే అత్తయ్యా. మనుషుల్ని కూడా వానలాగే కొలవచ్చు అనుకున్నాను. మేఘాన్ని కొలిస్తే అది సిగ్గుపడదు, పక్క మేఘంతో పోటీ పడదు, కొలిచేవాడికి టీ పెట్టదు. నేను చూస్తున్నానని తెలిసిన క్షణంలోనే మీరంతా మారిపోతే, నేను చూసింది మిమ్మల్నా, నన్ను చూసి మీరు పెట్టిన మొహాన్నా? దీనికి మా దగ్గర అంకె లేదు.

నాన్నకి ఈ ఎండాకాలం మళ్ళీ ఉప్పునీళ్ళే. ఇక్కడి నుంచి డబ్బాలతో పంపుదామని ఓడవాళ్ళని అడుగుతున్నాను. ఆయన ముందుకి రావడానికి నాకు మొహం లేదు.

మీ
కిటియోనే

తా.క. ఆయన కోపంగా ఉన్నారా? మీరు అడగకూడదని తెలుసు. పాస్టరుగారిని కనుక్కోమనండి.


ఫంగలోతో,
వాన తెరిపిచ్చిన పొద్దున.

నా కన్నబిడ్డ లాంటి కిటియోనేకి,

కన్నీళ్ళు తుడిచే దేవుడు నీ దిగులు కూడా తీసేస్తాడని నమ్మి రాస్తున్న నీ అత్త లోసలినే. నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఇప్పుడు ఏడవడం లేదు. ఎందుకో చెబుతాను, నిదానంగా చదువు.

ట్యాంకు తెఫువాలో దిగిన మర్నాడే వాళ్ళ పెద్దలూ, వాళ్ళ పాస్టరుగారూ చావుకో క్షమాపణకో వచ్చినట్టు నడుములకి పాత చాపలు చుట్టుకుని పడవల్లో వచ్చారు. ఎవరో పోయారనుకుని మేమూ చాపలు చుట్టుకుని ఎదురెళ్ళాం. చర్చి ముందు గడ్డి మీద కూర్చున్నారు. లోపలికి రమ్మంటే రాలేదు. వాళ్ళ పెద్దాయన తల వంచి మాట్లాడాడు.

"ఆఫీసువాళ్ళు మా అంకె చదివి మాకు ట్యాంకు ఇచ్చారు. మేము కూడా ఆ అంకె చూసుకున్నాం. అది మాది కాదు. మీటరు మాదే, బావి మాదే, వాడినవాళ్ళు మాత్రం మీరు. మీ స్నానాలూ మీ బట్టలూ మీ డబ్బాలే అందులో సగానికి పైన. ఈ ట్యాంకు మీరు సంపాయించినది. మా దగ్గర ఉంచుకుంటే దొంగసొత్తు అవుతుంది."

మన పాస్టరుగారు మర్యాదకి రెండుసార్లు వద్దన్నారు. మూడోసారి ఏమనేవారో గానీ, ఈలోపు మీ నాన్న లేచాడు. "మీ నీళ్ళు తాగింది చాలక ట్యాంకు కూడా తీసుకుంటే మేము తలెక్కడ పెట్టుకోవాలి?" అన్నాడు.

తెఫువా పెద్దాయన నెమ్మదిగా, "సతేకీ, మీరు తీసుకోకపోతే మళ్ళీ తువ్వాళ్ళు వేసుకుని మా ఇళ్ళకే వస్తారు. మా ఆడవాళ్ళు ఇక వండలేమంటున్నారు" అన్నాడు.

అందరికన్నా ముందు నేనే నవ్వాను. తమ్ముడి ముందు అలా నవ్వడం ఇదే మొదలు.

తీసుకురావడం ఎలాగన్నది ఒక చిక్కు. బల్లకట్టు వెళ్ళిపోయింది. ట్యాంకు ప్లాస్టిక్‌ది, లోపల ఖాళీ, కాబట్టి తేలుతుందని మీ నాన్నే అన్నాడు. రెండు ఊళ్ళ పడవలకీ తాళ్ళు కట్టి సముద్రంలోకి తోశారు. తేలింది. అటు ఒడ్డున వాళ్ళు పాడుతున్నారు, ఇటు ఒడ్డున మేము పాడుతున్నాం. నడిమధ్యకి వచ్చేసరికి నీటి పోటు తిరిగింది. ట్యాంకు ఇటూ రాదు, అటూ పోదు, బొంగరంలా తిరుగుతోంది. దాని నెత్తిన మీ నాన్న. తాడు సరిచెయ్యడానికి ఎక్కినవాడు దిగడం మానేశాడు. డాక్టరు ఎండలో తిరగొద్దన్న మనిషి. అక్కగా నేను కేకలు వెయ్యకూడదు కాబట్టి పాస్టరుగారి చేత వేయించాను. వినబడనట్టు పాట అందుకున్నాడు. నువ్వు రాసిన మాట నాకు అప్పుడు అర్థమైంది నాయనా. ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ మధ్య ఎక్కడో ఉంది, ఉందని మాత్రం అందరికీ కనిపిస్తోంది.

పొద్దువాలేసరికి నీరు దయతలచింది. ఇప్పుడది మన చర్చి పక్కన సిమెంటు దిమ్మ మీద ఉంది. వాళ్ళకి సంఘం స్త్రీలం దాచుకున్న మేలిచాప కానుకగా ఇచ్చాం. ఆలస్యమవుతుంది అంతే అని మోతులికి గారితో అన్నాను కదా, ఆ వారమంతా రాత్రిళ్ళు వాన పడింది.

ఆయనకి జరిగిందంతా నేనే రాసి పంపాను, పందులతో సహా. టీ నీళ్ళు ఎక్కడివో కూడా రాశాను. నీ పట్టీలు నువ్వు కల్పించినవి కావనీ, ఆ మామూలు మేమే తయారుచేశామనీ రాసి, పాస్టరుగారి చేత సంతకం పెట్టించాను. తప్పు లెక్క వేశానని బాధపడకు. లెక్క తప్పు కాదు. అందులో చుట్టాలు లేరు, అంతే. ట్యాంకు ఏ ఊళ్ళో ఉందో కాగితంలో ఏదో ఒకటి రాయాలి కదా, ఫంగలోతోకీ తెఫువాకీ మధ్య ఎక్కడో అని రాసుకోమన్నాను.

నీకు తోడుగా దేవుడున్నాడు, ఆయన తరవాత నేనున్నాను.
మీ అత్త లోసలినే

తా.క. మొన్న శనివారం తెఫువా నుంచి నాలుగు పడవలు వచ్చాయి. ఊరికే, చూసిపోదామని వచ్చారట. భుజాల మీద తువ్వాళ్ళున్నాయి. ఈ నెల వాళ్ళ అంకె పడిపోతే కంగారుపడకు.

తా.క. మీ నాన్న కోపంగా ఉన్నాడా అని అడిగావు. కొత్త ట్యాంకు నీళ్ళతో టీ పెట్టి పాస్టరుగారి చేత పంపాను. ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాడట. ఏమైంది సతేకీ అని అడిగితే, నీళ్ళు మంచివే పాస్టరుగారూ, ఏదో రుచి తక్కువైంది అని, ఉప్పు డబ్బా కోసం అటూ ఇటూ చూశాడట. నువ్వు త్వరగా ఒకసారి రా.